ధైర్యం జనానిది, ఆసరా బాధ్యత మీది

రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయ శాసనసభ్యులకు,



తుపాను తీరం దాటిన మర్నాడో, వరద నీరు తీసిన వారానికో మీలో చాలామంది బాధిత గ్రామాలకు వెళతారు. వెళ్లాలి కూడా. అక్కడ మైకు ముందు ఏ పార్టీ నాయకుడు నిలబడినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: మన జనం గుండె నిబ్బరం గొప్పది, ఎన్ని దెబ్బలు తగిలినా మళ్లీ లేచి నిలబడతారు అని. ఆ మాటలో అబద్ధం లేదు. దివిసీమ లేచి నిలబడింది, కోనసీమ నిలబడింది, విశాఖ నిలబడింది. అయితే ఆ మాట పొగడ్తతోనే ఆగిపోయినప్పుడు ఒక నష్టం జరుగుతుంది. లేవడం పూర్తిగా జనం పని అయిపోతుంది. లేవలేకపోయినవాళ్లకు మనోబలం చాలలేదన్న ముద్ర పడుతుంది. ఈ లేఖలో నేను చెప్పదలచింది ఒక్కటే. కష్టం తనంతట తాను ఎవరికీ ఎదుగుదల ఇవ్వదు. కష్టం తర్వాత ఏం చేశామన్న దాన్నిబట్టే మనిషైనా ఊరైనా ఎదగడమో కుంగిపోవడమో జరుగుతుంది. ఆ చేయవలసిన పనిలో పెద్ద భాగం చట్టాలనూ బడ్జెట్లనూ ఆమోదించే మీ చేతుల్లో ఉంది. దీనికి సాక్ష్యం కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మన తెలుగు నేల చరిత్రలోనే ఉంది.

కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయని మనమంతా చిన్నప్పటి నుంచి వింటున్నాం. అది ఎంతవరకు నిజమో పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉన్నారు. అమెరికాలోని రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ 1990లలో ఈ విషయం మీద పనిచేసి, పెద్ద ఆఘాతం తర్వాత కొందరిలో కనిపించే ఎదుగుదలకు ‘పోస్ట్ ట్రామాటిక్ గ్రోత్’ అని పేరు పెట్టారు. అలాంటివాళ్లలో తోటివారితో బంధాలు గాఢమవుతాయి, బతుకులో ఏది ముఖ్యమో తేటపడుతుంది, తమ శక్తి మీద తమకు నమ్మకం పెరుగుతుంది. కానీ వారిద్దరూ జాగ్రత్తగా చెప్పిన సంగతి మన ఉపన్యాసాల్లో వినిపించదు. ఆ ఎదుగుదల ఆఘాతం ఇచ్చిన వరం కాదు. చెదిరిన జీవితాన్ని మళ్లీ కూడదీసుకునేందుకు మనిషి పడే పెనుగులాటలోంచి అది పుడుతుంది. అందరిలోనూ పుట్టదు. పుట్టినవాళ్లలో కూడా బాధ పోదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. గోడు వినే మనిషి, నమ్మకమైన తోడు ఉన్నవాళ్లకు ఆ పెనుగులాట కొంత సులువవుతుంది. ఇక ఆలోచించండి, అలా కూడదీసుకునే వ్యవధి ఎవరికి దొరుకుతుంది? ఇల్లు కూలిన వారానికే వడ్డీ వాయిదా గుర్తుచేసే మనిషి గుమ్మంలో నిలబడితే, తడిసిన కాగితాలకు నకళ్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడంలోనే నెలలు గడిచిపోతే, ఆ మనిషి శక్తి అంతా బతికి బయటపడడానికే ఖర్చవుతుంది. ఎదగడానికి ఏమీ మిగలదు.

ఒక మనిషి విషయంలో నిజమైనది ఒక ప్రాంతం విషయంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1864 నవంబరులో మచిలీపట్నం మీద పడ్డ ఉప్పెన దాదాపు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది. 113 ఏళ్ల తర్వాత, 1977 నవంబరు 19న, అదే కృష్ణా డెల్టా మీద మరో ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం మైళ్ల దూరం లోపలికి వచ్చి దివిసీమలో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కలోనే మృతులు సుమారు పదివేలు. చనిపోయినవారిలో ఎక్కువమంది పూరిపాకల్లో ఉన్న కూలీలు, మత్స్యకారులు, వారి పిల్లలు. హెచ్చరిక పుట్టినచోట పుట్టింది కానీ ఊరి చివరి పాక దాకా రాలేదు. వచ్చినచోట కూడా ప్రాణం దాచుకోవడానికి గట్టి భవనం లేదు. ఆ 113 ఏళ్లలో తీరప్రాంతం చిన్నా పెద్దా తుపాన్లను ఎన్నో చూసింది. అక్కడి జనం ధైర్యానికి ఏనాడూ కొదవ లేదు. కష్టమే పాఠం నేర్పేదైతే 1977 నాటికి కృష్ణా తీరం దేశంలోకెల్లా సురక్షితమైన చోటు అయి ఉండాలి. అలా కాలేదు.

దానికి పక్కనే 1990ని పెట్టి చూడండి. ఆ మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను తీవ్రతలో 1977 నాటి దానికి ఏమీ తీసిపోదు. మృతుల సంఖ్య మాత్రం వెయ్యి లోపే. ఒక్క ప్రాణం పోయినా ఎక్కువే, నిజమే. అయినా పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఎలా వచ్చిందో అడగాలి. 113 ఏళ్లలో రానిది 13 ఏళ్లలో వచ్చింది. ఆ పదమూడేళ్లలో తీరం వెంబడి తుపాను షెల్టర్లు కట్టారు. ఇన్సాట్ ఉపగ్రహాల ద్వారా హెచ్చరిక నేరుగా తీరప్రాంత కేంద్రాలకు చేరే ఏర్పాటు జరిగింది. ఎవరు ఎవరికి కబురు చెప్పాలి, ఏ ఊరిని ఎప్పుడు ఖాళీ చేయించాలి అన్న పద్ధతి ఏర్పడింది. 1990లో లక్షలాది మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారంటే దాని వెనక ఉన్నది ఈ పనే. 2014లో హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ నగరం మీదే తీరం దాటినప్పుడు మరణాలు పదుల్లోనే ఆగాయి. తీరంలో జనాభా పెరిగింది, ఇళ్లు పెరిగాయి, అయినా చావులు తగ్గాయి. సంక్షోభంలోంచి ఎదగడం అంటే ఇదీ. పోయిన ప్రాణాల బాధను ఒక తరం బాధగా వదిలేయకుండా, కట్టడంగా, పద్ధతిగా, బడ్జెట్ పద్దుగా మార్చడం.

అదే చరిత్ర ఇంకో సంగతి కూడా చెబుతుంది. నేర్చుకున్న పాఠం ఎంతవరకు వెళ్లిందో రక్షణ కూడా అంతవరకే వెళుతుంది. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. భూమి మీద ఉన్నవాళ్లకు హెచ్చరిక ఏర్పాట్లు మెరుగుపడ్డాయి కానీ పడవల్లో ఉన్నవాళ్లకు అవి చేరలేదు. 1977 నేర్పిన పాఠం ఒడ్డు దగ్గరే ఆగిపోయింది. ఆ పడవల్లోని వాళ్ల ధైర్యం ఒడ్డున ఉన్నవాళ్ల ధైర్యం కన్నా తక్కువేమీ కాదు.

ఇదంతా ఇంజనీర్లూ వాతావరణ శాఖా చేసే పని, జనం మనసులో జరిగే మార్పుకూ దీనికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఆ సంబంధం నెల్లూరు జిల్లా దూబగుంటలో కనిపిస్తుంది. సారా వల్ల ఇల్లు గుల్లవడం, దెబ్బలు తినడం, కూలి డబ్బులు దుకాణం పాలవడం అక్కడి ఆడవాళ్లకు తరతరాల అనుభవం. తరతరాలు పడ్డా ఆ బాధ ఉద్యమం కాలేదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా కార్యక్రమం వచ్చి, రాత్రిపూట వాళ్లు ఒకచోట కూర్చుని చదువుకోవడం, మాట్లాడుకోవడం మొదలయ్యాక, ఎవరి ఇంట్లో వాళ్లు దాచుకున్న బాధ అందరి బాధగా తెలిసింది. 1992లో అక్కడ రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రవ్యాప్తంగా సారాపై నిషేధం వచ్చింది. ఆ తర్వాత పొదుపు సంఘాలుగా కూడిన ఆడవాళ్లకు ఆ ఉద్యమం ఇచ్చిన ఆత్మవిశ్వాసం చాలాకాలం నిలిచింది. దూబగుంట ఆడవాళ్ల తెగువను ఎవరూ తక్కువ చేయలేరు. ఆ తెగువకు కూర్చునే చోటు, పట్టుకునే పుస్తకం, కలిసి మాట్లాడే గంట దొరికింది ఒక ప్రభుత్వ కార్యక్రమం వల్ల. లోపలి ధైర్యమూ బయటి ఆసరా కలిసినప్పుడే ఎదుగుదల వచ్చింది. ఏ ఒక్కటి లేకపోయినా వచ్చేది కాదు.

ఇక మనం ఇంకా నేర్చుకోని సగం గురించి. ప్రాణాలు కాపాడడం చాలావరకు నేర్చుకున్నాం. బతుకుతెరువు కాపాడడం నేర్చుకోలేదు. హుద్‌హుద్ తర్వాత విశాఖ కోలుకున్న తీరును అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పులో నగర ప్రజలకు రావలసిన వాటా ఉంది. దాంతోపాటు అక్కడికి యంత్రాంగం మొత్తం తరలి వచ్చింది, ప్రపంచ బ్యాంకు రుణంతో పునర్నిర్మాణ ప్రాజెక్టు వచ్చింది, కరెంటు తీగలను భూమిలోకి దించే పని కూడా అందులో చేరింది. నాలుగేళ్ల తర్వాత, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద పడింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి చెట్లు, జీడి తోటలు వరసలు వరసలుగా నేలకూలాయి. వరి పోతే రైతు మరో పంటకాలం కోసం ఎదురుచూస్తాడు. కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా ఆరేడేళ్లు ఆగాలి. అప్పటికే కిడ్నీ వ్యాధితో వైద్యానికి అప్పులు చేసిన కుటుంబాలున్న ప్రాంతం అది. ఒకసారి చేతికందే పరిహారంతో ఆరేడేళ్ల ఖాళీ నిండదు. వలస వెళ్లిన ఉద్దానం యువకుడికి విశాఖ యువకుడి కన్నా ధైర్యం తక్కువని ఎవరైనా అనగలరా? చెట్టుకు పట్టే కాలానికీ సాయం అందే కాలానికీ పొంతన కుదరలేదు, అంతే.

కౌలు రైతు సంగతి ఇంకా కఠినం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి, కోసి పనల మీద ఉన్న వరి నీటిపాలైంది. డెల్టాలో పొలం దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే. పంట పోయినది అతనికి, అప్పు తెచ్చినది అతను. కాగితం మీద రైతు మాత్రం పట్టాదారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతులకు సాగుదారు కార్డు ఇస్తామన్నది. ఆ కార్డు పొలం యజమాని సమ్మతి మీద ఆధారపడింది, గడువు పదకొండు నెలలే. యజమాని సంతకం పెట్టడానికి వెనకాడితే ప్రభుత్వ లెక్కలో కౌలు రైతు లేనట్టే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నవాళ్లకే చేరింది. నష్టపోయిన మనిషి పేరు జాబితాలో లేకుండా అతని మనోనిబ్బరాన్ని సభల్లో పొగిడితే, ఆ పొగడ్త అతనికి అందని పరిహారానికి బదులు కాదు.

మరో ప్రమాదం కూడా ఉంది. నేర్చుకున్న పాఠాన్ని మరిచిపోవడం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచి వేలమందిని బలితీసుకుంది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఒక నగరం తన విషాదాన్ని తాగునీరుగా, వరద రక్షణగా మార్చుకున్న ఉదాహరణ అది. ఆ జలాశయాలకు నీరు చేరే ప్రాంతాన్ని కాపాడేందుకు 1996లో 111 జీవో వచ్చింది. ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022లో 69 జీవో వచ్చింది. నగరంలో 2000 ఆగస్టు వరదల తర్వాత నాలాల మీద కిర్లోస్కర్ కమిటీ నివేదిక ఇచ్చింది. 2020 అక్టోబరులో కాలనీలు మునిగినప్పుడు అదే నాలాల ఇరుకు గురించి మళ్లీ మాట్లాడుకున్నాం. విజయవాడలో బుడమేరు కథ కూడా ఇలాంటిదే. 2005లో ఆ వాగు నగరాన్ని ముంచింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బరాజ్‌కు 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చిన రోజుల్లోనే, బుడమేరు మళ్లింపు కాల్వకు గండ్లు పడి సింగ్‌నగర్, ఆ పక్క కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే వారం ఖమ్మంలో మున్నేరు పొంగింది. బుడమేరు పొంగుతుందని తెలియనివాళ్లు విజయవాడలో లేరు. తెలిసినదాన్ని ఇరవై ఏళ్లపాటు పట్టుకుని ఉండే ఏర్పాటు లేదు.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, ప్రభుత్వం ప్రతిదానికీ ఆసరా ఇస్తే జనం చేతులు ముడుచుకుని కూర్చుంటారని, స్వశక్తి పోతుందని. ఇందులో ఒక నిజం ఉంది. గౌరవం లేకుండా విసిరే సాయం మనిషిని చిన్నబుచ్చుతుంది, ఏటేటా క్యూలో నిలబెట్టే సాయం అలవాటును మిగులుస్తుంది. అయితే నేను అడుగుతున్నది ఆ రకం సాయం కాదు. షెల్టర్ కట్టినందుకు దివిసీమ జనం సోమరులు కాలేదు. ప్రాణం మీద భరోసా ఉన్నందువల్ల పిల్లలను చదివించుకున్నారు, పెట్టుబడి పెట్టి సాగు చేశారు. అక్షరాస్యతా కేంద్రం దూబగుంట ఆడవాళ్లను పరాధీనులను చేయలేదు, ప్రభుత్వాన్నే నిలదీసేలా చేసింది. స్వశక్తిని హరించేది నిజానికి అప్పు. మళ్లీ మళ్లీ అదే వరదకు అదే ఇల్లు పోగొట్టుకున్నవాడు ఏ ప్రయత్నమూ మొదలుపెట్టలేని స్థితికి చేరతాడు. స్వశక్తి మీద గౌరవం ఉన్న ప్రభుత్వం మొదట అతని కింద నేల గట్టిపరుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా ఆలోచించదగ్గది. ఆపదలో నిజంగా ఆదుకునేది ఇరుగుపొరుగు, బంధువులు, ఊరు. ప్రభుత్వం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, కాబట్టి ఆ బంధాలనే నమ్ముకోవాలి అన్నది. దీనికి గట్టి ఆధారాలే ఉన్నాయి. డేనియల్ ఆల్డ్రిచ్ అనే పరిశోధకుడు 1923 టోక్యో భూకంపం, 1995 కోబె భూకంపం, 2004 సునామీ తర్వాతి తమిళనాడు తీరం వంటి చోట్ల కోలుకున్న తీరును పోల్చి చూశారు. మనుషుల మధ్య బంధాలు గట్టిగా ఉన్నచోట పునర్నిర్మాణం వేగంగా సాగిందని తేల్చారు. కానీ తమిళనాడులో ఆయన గమనించిన ఇంకో విషయాన్ని కూడా కలిపి చదవాలి. ఊరి కులపెద్దల వ్యవస్థ బయటి సాయాన్ని చక్కగా తెచ్చుకున్నచోటే దళితులు, ఒంటరి స్త్రీలు, మైనారిటీలు ఆ పంపకంలోంచి జారిపోయారు. ఊరి ఐక్యత గొప్పది, అయితే ఆ ఐక్యతలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది ఊరే నిర్ణయిస్తుంది. మన ఊళ్లు అందుకు మినహాయింపు కావని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇరుగుపొరుగు ముందుగా చేరుతుంది, ప్రభుత్వం అందరికీ చేరాలి. ఒకటి రెండోదానికి ప్రత్యామ్నాయం కాదు.

మూడోది డబ్బు. ఇన్ని చోట్ల ఇంత పని చేయడానికి నిధులెక్కడివి అన్నది. బంగ్లాదేశ్‌ను చూడండి. 1970 నాటి భోలా తుపానులో అక్కడ మూడు లక్షలకు పైగా జనం చనిపోయారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే, చేతిలో డబ్బులేని ఆ దేశం, రెడ్‌క్రాస్‌తో కలిసి ఊరూరా వాలంటీర్లను తయారుచేసే కార్యక్రమం మొదలుపెట్టింది. 1991 తుపానులో ఇంకా లక్షకు పైగా మరణాలు చూసింది. చనిపోయినవారిలో స్త్రీలు ఎక్కువగా ఉండటం గమనించి షెల్టర్లను, వాలంటీర్ల పద్ధతిని సవరించుకుంది. 2007లో సిడర్ తుపాను వచ్చినప్పుడు మరణాలు కొన్ని వేలకు తగ్గాయి. ప్రతి విపత్తు తర్వాతా ఒక సవరణ చేసుకోవడం ఆ దేశం అలవాటు చేసుకుంది. మన దగ్గర నిధులకు దారి కూడా ఉంది. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముందుజాగ్రత్త పనులకే కేటాయించాలని చెప్పింది. ఒక్క హుద్‌హుద్ నష్టాన్నే రాష్ట్ర ప్రభుత్వం దాదాపు 22 వేల కోట్లుగా అంచనా వేసింది. కేంద్రం వెంటనే ప్రకటించిన మధ్యంతర సాయం వెయ్యి కోట్లు. ఆ రెండు అంకెల మధ్య మిగిలిన బరువు ఎవరి మీద పడిందో మీ నియోజకవర్గాల్లో అడిగితే తెలుస్తుంది. ముందు ఖర్చు పెట్టని డబ్బు మిగిలిన డబ్బు కాదు. అది తర్వాత పేదవాడి అప్పుగా తేలుతుంది.

నాలుగోది, చట్టమూ సంస్థలూ ఇప్పటికే ఉన్నాయి కదా అన్నది. ఉన్నాయి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ఉంది, దాని కింద రాష్ట్ర సంస్థలున్నాయి. ఆ సంస్థల వార్షిక నివేదికను శాసనసభ ముందు ఉంచాలని కూడా ఆ చట్టం చెబుతోంది. అధికారుల్లో నిబద్ధత ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు, తుపాను రాత్రుల్లో నిద్రమానుకుని ప్రాణాలు కాపాడినవాళ్లున్నారు. అయితే ఏడాదిలో చేసిన పనుల జాబితా వేరు, ఒక ఫలానా విపత్తు ఏం నేర్పింది అన్న విచారణ వేరు. 1960లలో డెల్టా మురుగు కాల్వల మీద మిత్రా కమిటీ నివేదిక ఇచ్చింది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్లు చెప్పిన కారణాల్లో మురుగునీటి సమస్య ఇంకా ఉంది. నివేదికలు అరల్లో మగ్గిపోవడానికి కారణం వాటిలో విషయం లేకపోవడం కాదు. వాటి గురించి సభలో లేచి నిలబడి జవాబు చెప్పవలసిన మనిషి లేకపోవడం. ఆ లోటు తీర్చగలిగినది మీరే.

అందుకే మిమ్మల్ని స్పష్టంగా కొన్ని పనులు కోరుతున్నాను. ప్రభుత్వం విపత్తుగా ప్రకటించిన ప్రతి పెద్ద ఘటన తర్వాత ఏడాదిలోగా ఒక గుణపాఠాల నివేదికను శాసనసభలో పెట్టాలని నియమం తెండి. ఎక్కడ హెచ్చరిక చేరలేదు, ఏ కట్ట ఎందుకు తెగింది, పరిహారం ఎవరికి అందలేదు, మళ్లీ అలా జరగకుండా ఏం మార్చారు అన్నవి అందులో ఉండాలి. దాని మీద ఒక పూర్తి రోజు చర్చ జరగాలి. రెండో ఏడాది అదే నివేదికను మళ్లీ తెరిచి, చేస్తామన్నవి చేశారో లేదో మంత్రి జవాబివ్వాలి. నష్టపోయినవారి జాబితాను సాగుచేసినవారి పేరుతో, పడవ నడిపినవారి పేరుతో, చేపలమ్ముకునే స్త్రీ పేరుతో రాయించండి. ఆ జాబితాను గ్రామసభలో పైకి చదివించండి. అభ్యంతరాలు అక్కడే నమోదు చేయించండి. కొబ్బరి, జీడి వంటి దీర్ఘకాలిక తోటలు పోయినచోట తోట మళ్లీ కాపుకొచ్చేదాకా ఏటా ఆదుకునే పద్ధతి పెట్టండి. ఆత్మీయులను పోగొట్టుకున్నవాళ్లకు కనీసం ఏడాదిపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మనసు విప్పి మాట్లాడగల శిక్షణ పొందిన మనిషిని ఉంచండి. బాధ లోపలే గడ్డకట్టిపోకుండా చూడడం కూడా పునర్నిర్మాణమే.

వీటిలో ఏదీ జనం ధైర్యాన్ని తక్కువ చేయదు. ధైర్యం అన్నది ఎంత తవ్వినా తరగని గని అని అనుకోవడమే దాన్ని తక్కువ చేయడం. బంగాళాఖాతం వేడెక్కుతోంది, తుపాన్లు తీరానికి చేరేలోపే వేగంగా బలపడే ప్రమాదం పెరుగుతోంది. పాత అనుభవం ఒక్కదానితోనే నెట్టుకురాగల కాలం కాదిది. ప్రతి సంక్షోభం నుంచి ఏదో ఒకటి నేర్చుకుని, దాన్ని తర్వాతి తరానికి చట్టంగా అందించగలిగినవాళ్లే ముందుముందు నిలుస్తారు.

పార్టీలకతీతంగా మీలో ఒక్కరు ఈ నియమాన్ని అనధికార తీర్మానంగా సభలో ప్రవేశపెట్టినా చాలు, చర్చ మొదలవుతుంది. రాబోయే సమావేశాల్లోనే ఆ పని చేయండి. తర్వాతి తుపాను వచ్చిపోయాక మీరు మా ఊరికి వచ్చినప్పుడు మా నిబ్బరాన్ని మెచ్చుకోండి, సంతోషిస్తాం. మెచ్చుకున్న తర్వాత, కిందటిసారి నేర్చుకున్నదాంట్లో ఏం అమలు చేశారో కూడా అదే మైకులో చెప్పండి. ఆ జవాబును బట్టే మీకు ఓటు వేయాలా వద్దా అని మేం నిర్ణయించుకుంటాం.

ఇట్లు,
మీ ఓటర్లలో ఒకరు